పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడం లేదు, ఖాళీ ఉన్నా "ఫైలు పెద్దది" అంటోంది

లెక్కల_మాస్టారు (కొత్త సభ్యులు)

అందరికీ నమస్కారం. కంప్యూటర్ నాకు కొత్త. రిటైరయ్యాక మా అబ్బాయి తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చి వెళ్లాడు, దానితో కుస్తీ పడుతున్నాను.

మా అమ్మాయి పెళ్లి వీడియోను స్టూడియో వాళ్లు హార్డ్‌డిస్కులో వేసి ఇచ్చారు. మొత్తం ఒకటే ఫైలు, 9 జీబీ పైచిలుకు. వియ్యాలవారికి పంపుదామని 32 జీబీ పెన్‌డ్రైవ్ కొన్నాను. కాపీ చేయబోతే, డెస్టినేషన్ ఫైల్ సిస్టమ్‌కు ఈ ఫైలు మరీ పెద్దదని ఇంగ్లిష్‌లో ఏదో వస్తోంది. లోపల చూస్తే 28 జీబీకి పైగా ఖాళీ. ఇరవై ఎనిమిదిలో తొమ్మిది పట్టకపోవడం ఏ లెక్క?

ఇంకో అనుమానం. 32కి డబ్బులిస్తే కంప్యూటర్ మొత్తం 29 చిల్లరే చూపిస్తోంది. షాపతను నకిలీది అంటగట్టాడంటారా?

నెట్‌సెంటర్_అన్న

షాపతని తప్పేం లేదు మాస్టారూ. కంపెనీ వాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. 32 జీబీ అంటే డబ్బా మీది లెక్కలో 3,200 కోట్ల బైట్లు. దాన్ని 1024తో మూడుసార్లు భాగించండి, 29.8 వస్తుంది. 64ది కొన్నా 59.6 మించి చూపించదు.

ఇక అసలు సంగతి. మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో, అంటే ఫైళ్లను సర్దిపెట్టే ఒక పద్ధతిలో, ఫార్మాట్ అయి వచ్చింది. 32 జీబీ, అంతకన్నా చిన్నవి చాలావరకు అలాగే వస్తాయి. ఎందుకంటే టీవీ, కారు స్టీరియో, మైక్ సెట్టు, దేనికి గుచ్చినా చదువుతుంది. కానీ అది 1996లో విండోస్ 95 రోజుల్లో వచ్చిన పద్ధతి. ఒక్కో ఫైలు సైజు రాసుకోడానికి దాన్లో 32 బిట్ల గడి మాత్రమే ఉంది. ఆ గడిలో పట్టే పెద్ద సంఖ్య 429 కోట్ల చిల్లర, అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. మొత్తం ఖాళీ ఎంతున్నా ఒక్క ఫైలు ఆ గీత దాటకూడదు. రెండేసి జీబీల ఫైళ్లు పది వేయండి, కిక్కురుమనకుండా తీసుకుంటుంది.

మందు: ఆ 4 జీబీ గీత లేని ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలోకి ఫార్మాట్ చేయడం. ఫార్మాట్ చేస్తే లోపలున్నవన్నీ పోతాయి కాబట్టి ఏమైనా ఉంటే ముందు ల్యాప్‌టాప్‌లోకి తీసుకోండి. తర్వాత దిస్ పీసీ తెరిచి, పెన్‌డ్రైవ్ బొమ్మ మీద రైట్ క్లిక్, ఫార్మాట్. ఫైల్ సిస్టమ్ దగ్గర ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి. అలొకేషన్ యూనిట్ సైజును ముట్టుకోకండి. క్విక్ ఫార్మాట్ టిక్కు ఉంచేసి స్టార్ట్ నొక్కండి.

సిస్టమ్స్_సీనియర్

ఆగండాగండి. మాస్టారూ, ఫార్మాట్ నొక్కే ముందు ఆ పెళ్లి వీడియో ఉన్న హార్డ్‌డిస్కు వైరు తీసి పక్కన పెట్టారా? రెండూ ఒకేసారి తగిలించి ఉంటే, విండోస్ వాటికి ఇచ్చే ఇ, ఎఫ్ అక్షరాల మధ్య తికమకపడి జనం దేన్ని ఫార్మాట్ కొట్టేస్తారో మీరు ఊహించగలరు. హార్డ్‌డిస్కు తీసేయండి, పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉంచి ఫార్మాట్ చేయండి, అయ్యాక హార్డ్‌డిస్కు మళ్లీ పెట్టండి.

ఓరుగల్లు_పిల్లోడు

ఎక్స్‌ఫ్యాట్ ఎందుకన్నా, విండోస్ సొంత పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టుకుంటే అయిపోతది కదా. నా పెన్‌డ్రైవులన్నీ అవే, ఏ గొడవా లేదు.

సిస్టమ్స్_సీనియర్

> నా పెన్‌డ్రైవులన్నీ అవే

నీ చేతిలో అన్నీ విండోస్ మెషిన్లే ఉన్నాయి కాబట్టి తమ్ముడూ. ఎన్‌టీఎఫ్‌ఎస్ గట్టిదే. మధ్యలో కరెంటు పోయినా, ఏం రాస్తోందో రాసుకునే తన చిట్టా చూసుకుని సర్దుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ చిట్టా లేదు. కానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ పెన్‌డ్రైవ్‌ను యాపిల్ వాళ్ల మ్యాక్‌లో పెడితే చదవడమే తప్ప రాయడానికి కుదరదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లయితే అసలు గుర్తుపట్టవు.

మాస్టారి విషయంలో అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. వియ్యాలవారు దాన్ని దేంట్లో చూస్తారు? ల్యాప్‌టాపా, టీవీయా?

లెక్కల_మాస్టారు

టీవీలోనే బాబూ. ఫోన్ చేసి కనుక్కున్నాను. హాల్లో గోడకు తగిలించింది, కొని పదేళ్లు దాటిందట. వెనకాల యూఎస్‌బీ రంధ్రం మాత్రం ఉందన్నారు. వాళ్లింట్లో కంప్యూటర్ లేదు.

సిస్టమ్స్_సీనియర్

అదీ సంగతి. పాత టీవీల్లో చాలావాటికి ఎక్స్‌ఫ్యాట్ తెలియదు. మీరిక్కడ శుభ్రంగా కాపీ చేసి పంపినా, అక్కడ "డివైస్ సపోర్ట్ చేయదు" అని వస్తుంది. వాళ్లు పెన్‌డ్రైవ్ పాడైందనుకుంటారు.

కాబట్టి మీకు రెండు దార్లు. ఒకటి, ఫ్యాట్32ను అలాగే ఉంచి వీడియోను మూడు ముక్కలు చేయడం: స్నాతకం దగ్గర్నుంచి జీలకర్ర బెల్లం వరకు ఒకటి, తలంబ్రాలు ఒకటి, అప్పగింతలు ఒకటి అన్నట్టు. లాస్‌లెస్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, బొమ్మ నాణ్యత తగ్గకుండా ఉన్నదున్నట్టు కోస్తుంది. రెండోది, హ్యాండ్‌బ్రేక్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వేసి మొత్తాన్ని 4 జీబీలోపు కుదించడం. దీన్లో కొంత నాణ్యత పోతుంది, పాత ల్యాప్‌టాప్ అయితే రాత్రంతా తీసుకున్నా ఆశ్చర్యం లేదు.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి చెబుతున్నాను. వీడియో మూడు గంటలైతే, సెకనుకు 2.5 మెగాబిట్ల చొప్పున పెడితే, 10,800 సెకన్లు × 2.5 ÷ 8 = 3,375 ఎంబీ. గీత లోపలే ఉంది. 720పీ సైజులో పాత టీవీకి సరిపోతుంది. నా ఓటు మాత్రం ముక్కలకే.

ఈ రెండూ తలనొప్పి అనుకుంటే స్టూడియో వాళ్లనే అడగండి. "4 జీబీ దాటకుండా ఎంపీ4 ముక్కలుగా ఇవ్వండి" అంటే వాళ్లకు అర్థమవుతుంది. రోజూ చేసే పనే.

వియ్యాలవారికి ఒక్కటి గట్టిగా చెప్పండి: పెన్‌డ్రైవ్ పెట్టగానే కొన్ని టీవీలు, రికార్డింగ్ కోసం దీన్ని ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతాయి. పొరపాటున ఓకే నొక్కితే పెళ్లి మొత్తం పోయినట్టే. మళ్లీ మీరే పంపాలి.

డల్లాస్_అక్క

మాస్టారికి పనికిరాదు గానీ మ్యాక్ వాడేవాళ్లకు ఒక మాట. పెన్‌డ్రైవ్‌లో ఫైల్ డిలీట్ చేస్తే అది ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఒక కనపడని చెత్తబుట్టలో ఉంటుంది. ట్రాష్ ఖాళీ చేసేదాకా చోటు తిరిగి రాదు. "అన్నీ తీసేశాను, అయినా ఫుల్ అంటోంది" అని మా ఫ్రెండ్స్ అడిగే ప్రశ్నకు పదిసార్లలో తొమ్మిదిసార్లు ఇదే జవాబు. విండోస్ బదులు వాడే ఉబుంటు అనే లినక్స్‌లో కూడా ఇంతే.

విండోస్‌లో తిరకాసు దీనికి రివర్స్. పెన్‌డ్రైవ్‌లోంచి డిలీట్ చేసింది రీసైకిల్ బిన్‌లోకి రాదు, నేరుగా పోతుంది.

మైక్‌సెట్_బాబాయ్

ఇక్కడ పెద్దలున్నారు కాబట్టి నా గోడు కూడా వినండి. మాది సౌండ్ సర్వీసు. గుడిలో తెల్లారగట్ల ముందు స్తోత్రాలు రావాలి, తర్వాత భజనలు. పేర్లకు ముందు 01, 02 అని అంకెలు కూడా వేశాను. కంప్యూటర్లో వరసగానే కనిపిస్తాయి. మైక్ సెట్టుకు గుచ్చితే 07 ముందు మొదలవుతుంది. పూజారిగారు నన్ను చూసే చూపు నాకొద్దు బాబూ.

నెట్‌సెంటర్_అన్న

బాబాయ్, నీ సెట్టు పేర్లు చూడటం లేదు. చవక ప్లేయర్లు చాలావరకు, ట్రాక్టర్లో పెట్టేవి కూడా, ఫైళ్లు పెన్‌డ్రైవ్ జాబితాలోకి ఏ వరసలో ఎక్కాయో ఆ వరసలోనే పాడతాయి. కంప్యూటర్ మాత్రం నీకు పేర్ల వరసలో సర్ది చూపిస్తుంది. అందుకే నీకు అక్కడ బాగానే కనిపిస్తోంది.

పెన్‌డ్రైవ్‌ను పూర్తిగా ఖాళీ చేసి ఫార్మాట్ కొట్టు, ఫ్యాట్32లోనే. తర్వాత 01 వెయ్యి, అది అయ్యాక 02 వెయ్యి. పదీ ఇరవై పాటలైతే చేత్తో చేసెయ్. వందలుంటే ఆ జాబితాను పేర్ల వరసలోకి మార్చే చిన్న సాఫ్ట్‌వేర్లున్నాయి, ఫ్యాట్‌సార్ట్ అలాంటిదే. మధ్యలో ఒక పాట తీసేసి కొత్తది వేశావంటే మాత్రం అది ఆ ఖాళీ అయిన గడిలో దూరిపోయే అవకాశం ఉంది. అప్పుడు వరస మళ్లీ తప్పుతుంది.

ఫైళ్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టు. తెలుగులో పెడితే కొన్ని సెట్ల డిస్‌ప్లేలో ప్రశ్నార్థకాలో డబ్బాలో వస్తాయి.

ఉద్యోగార్థి_కర్నూలు

అన్నా, అర్జెంట్. ఒక దరఖాస్తు ప్రింట్లకోసం జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ ఇచ్చాను. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ మూలన బాణం గుర్తుతో షార్ట్‌కట్లు అయిపోయాయి. ఒక్కోటి 1 కేబీ, 2 కేబీ. నా సర్టిఫికెట్లన్నీ అందులోనే ఉన్నాయి. ఫుల్ టెన్షన్‌గా ఉంది.

నెట్‌సెంటర్_అన్న

ముందు కంగారు పడకు తమ్ముడూ. ఆ బాణం గుర్తుల మీద ఒక్కసారి కూడా డబుల్ క్లిక్ చేయకు. పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడు. వాడిన చోటు ఎప్పటంత ఉంటే నీ ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, వైరస్ దాచేసిందంతే.

ఇది పాత వైరస్ కుటుంబమే. ఒకప్పుడు పెన్‌డ్రైవ్ గుచ్చగానే దానంతటదే నడిచే ఆటోరన్ అనే సౌకర్యం ఉండేది. వైరస్‌లు దాన్నే పట్టుకుని పాకేవి. 2009లో వచ్చిన విండోస్ 7 పెన్‌డ్రైవ్‌లకు దాన్ని తీసేసింది. 2011లో ఎక్స్‌పీకి, విస్టాకు కూడా అప్‌డేట్ ఇచ్చారు. దాంతో వైరస్‌కు నీ వేలు కావాల్సి వచ్చింది. నీ ఫోల్డర్‌ను దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. నీ ఫోల్డరే అనుకుని నువ్వు నొక్కుతావు. ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనకాల వైరస్సూ లేస్తుంది.

చేయాల్సింది: ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూకి వెళ్లి హిడెన్ ఐటమ్స్ టిక్కు పెట్టు. అయినా కనపడకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో "ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దాచు" అనే టిక్కు తీసెయ్. ఇప్పుడు పాలిపోయిన రంగులో నీ ఫోల్డర్లు కనిపిస్తాయి. కొన్నిసార్లు పేరే లేని ఒక ఫోల్డర్లో అన్నీ కుక్కి ఉంటాయి, దాన్నీ తెరిచి చూడు. అందులోంచి పీడీఎఫ్‌లు, ఫోటోలు, వర్డ్ ఫైళ్లు మాత్రమే ల్యాప్‌టాప్‌లోకి తీసుకో. పేరు చివర డాట్ ఈఎక్స్‌ఈ, డాట్ వీబీఎస్ అని ఉన్న ఫైళ్లు, షార్ట్‌కట్లు ముట్టుకోకు. విండోస్ సెక్యూరిటీతో ల్యాప్‌టాప్‌ను, తీసుకున్న ఫైళ్లను ఫుల్ స్కాన్ చెయ్. ఆ తర్వాత పెన్‌డ్రైవ్ ఫార్మాట్.

నేను నడిపేదీ అలాంటి షాపే కాబట్టి ఉన్నమాట చెబుతున్నా. మా సిస్టమ్‌లో రోజంతా ఊళ్లోవాళ్ల పెన్‌డ్రైవులు గుచ్చుతూనే ఉంటారు. ఎంత శుభ్రంగా ఉంచుకున్నా నమ్మకం లేదు. ప్రింట్లకు వేరే చిన్న పెన్‌డ్రైవ్ పెట్టుకో, అందులో ఆరోజుకు కావాల్సిన పీడీఎఫ్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. వర్డ్ ఫైలు తేవద్దు. మా దగ్గర ఆ ఫాంటు లేకపోతే నీ తెలుగంతా పిచ్చిగీతలవుతుంది. శుభలేఖల వాళ్లు అను ఫాంట్లతో చేసిన ఫైళ్లు తెచ్చి, "మా ఇంట్లో బాగానే ఉందే" అని మామీద అరుస్తుంటారు.

సిస్టమ్స్_సీనియర్

పై పోస్టుకు ఒక తోక. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే వైరస్‌కైతే క్లిక్ కూడా అక్కర్లేకపోయింది. షార్ట్‌కట్ బొమ్మ తెర మీద కనిపిస్తే చాలు, నడిచిపోయేది. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రం మీద గురిపెట్టిన సరుకది. ఆ లొసుగుకు మైక్రోసాఫ్ట్ అదే ఏడాది అప్‌డేట్ ఇచ్చింది. విండోస్ అప్‌డేట్లు ఆపేసుకుని కూర్చునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. దారిలో దొరికిన పెన్‌డ్రైవ్‌లో ఏముందో చూద్దామని గుచ్చే సరదా కూడా వద్దు.

ఉద్యోగార్థికి: సర్టిఫికెట్లు ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే పెట్టుకుని తిరగకు. డిజీలాకర్‌లో దొరికేవి అక్కడ్నించి మళ్లీ దించుకోవచ్చు. ఆధార్ ఇవ్వాల్సి వస్తే, అవతలివాళ్లు ఒప్పుకునే చోట, చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వు. షాపువాళ్ల వాట్సాప్‌కు పంపితే నయం అనుకుంటారు గానీ, ఆ ఫైలు వాళ్ల డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో నెలల తరబడి పడి ఉంటుంది. ప్రింటు చేతికొచ్చాక మన కళ్లముందే తీసేయమని అడగాలి.

ఉద్యోగార్థి_కర్నూలు

వచ్చేశాయన్నా!! పేరులేని ఫోల్డర్లో ఉన్నాయి అన్నీ. థాంక్యూ సో మచ్.

ఓరుగల్లు_పిల్లోడు

అందరూ జాగ్రత్తలు చెప్తున్నరు కాబట్టి అడుగుతున్న. పెన్‌డ్రైవ్ పీకేముందు ఎజెక్ట్ కొట్టడం ఇప్పుడు అవసరమే లేదంట కదా? మైక్రోసాఫ్టే చెప్పింది.

సిస్టమ్స్_సీనియర్

సగం నిజం. ఇదివరకు విండోస్ మనం రాసినదాన్ని కాసేపు మెమరీలో ఆపుకుని తీరిగ్గా పెన్‌డ్రైవ్‌కు పంపేది. కాపీ అయిపోయిందని చూపించినా లోపల ఇంకా నడుస్తుండేది. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి డిఫాల్టుగా క్విక్ రిమూవల్ పెట్టారు, అంటే అలా ఆపుకోదు. కాపీ పూర్తయి, ఏ ఫైలూ తెరిచి లేకపోతే పీకినా ఫర్వాలేదు.

ఉబుంటు, మ్యాక్ అలా కాదు. వాటిలో బార్ నిండినా రాత ఇంకా జరుగుతుండొచ్చు, ఎజెక్ట్ తప్పనిసరి. హార్డ్‌డిస్కుకు ఏ సిస్టమ్‌లో అయినా ఎజెక్టే. లోపల పళ్లెం తిరుగుతుంటుంది. పెన్‌డ్రైవ్‌కు లైటు ఉంటే, అది మినుకుమంటున్నప్పుడు చెయ్యి పెట్టకు. ఒక్క క్లిక్కు బద్ధకించి చిట్టా లేని ఎక్స్‌ఫ్యాట్‌తో పందెం కాయడం నాకైతే నచ్చదు.

"డివైస్ వాడకంలో ఉంది" అని ఎజెక్ట్ మొరాయిస్తే, ఏదో ఒక ఫైలు తెరిచే ఉందన్నమాట. వర్డు, వీడియో ప్లేయర్ మూసి చూడు. అప్పటికీ వినకపోతే కంప్యూటర్ షట్‌డౌన్ చేసి తియ్.

లెక్కల_మాస్టారు

పని జరిగిందండీ. స్టూడియో అబ్బాయే నాలుగు ముక్కలు చేసి ఇచ్చాడు. కాపీకి ఇరవై నిమిషాలు పట్టింది, మామూలేనా? వియ్యంకుడుగారి టీవీలో బొమ్మ, మాట రెండూ వచ్చాయట.

ఇప్పుడింకో ఆలోచన. ఇంకో పెన్‌డ్రైవ్‌లో వేసి మా బీరువాలో భద్రంగా పెట్టేస్తే, మనవలు పెద్దయ్యాక చూసుకోడానికి ఉంటుంది కదా?

సిస్టమ్స్_సీనియర్

ఇరవై నిమిషాలు మామూలే. డబ్బా మీద రాసే వేగం చాలావరకు చదివే వేగం. చవక పెన్‌డ్రైవ్‌లు రాసేటప్పుడు సెకనుకు 8 ఎంబీ దగ్గర ఈడుస్తుంటాయి. 9,000 ఎంబీని 8తో భాగించుకోండి.

బీరువా ఆలోచన మాత్రం మానుకోండి మాస్టారూ. పెన్‌డ్రైవ్ క్యారేజీ, గాదె కాదు. దాన్లో డేటా అంటే సన్నటి గదుల్లో బంధించిన విద్యుదావేశం. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే అది మెల్లగా కారిపోతుంది. ఫలానా ఏడు దాకా ఉంటుందని హామీ ఇచ్చేవాళ్లు లేరు. చిప్ నాసిరకమైనా, ఎక్కువసార్లు రాసి చెరిపినదైనా ఇంకా తొందరగా. పైగా పెన్‌డ్రైవ్ పోయేటప్పుడు హెచ్చరిక ఇవ్వదు. నిన్న పనిచేసింది ఇవాళ "దయచేసి ఫార్మాట్ చేయండి" అంటుంది.

స్టూడియో ఇచ్చిన హార్డ్‌డిస్కు ఒకటి ఉంది కదా. అలాంటిదే ఇంకొకటి కొని దాన్లోకీ ఎక్కించి, రెండోదాన్ని మీ అబ్బాయి ఇంట్లో ఉంచండి. రెండూ ఒకే బీరువాలో పెడితే లాభం లేదు. పండక్కి కలిసినప్పుడు తగిలించి వీడియో ఆడుతోందో లేదో చూసుకోండి. కావాలంటే ఒక కాపీ గూగుల్ డ్రైవ్‌లో కూడా పెట్టొచ్చు. 15 జీబీ ఉచితం, మెయిలు, ఫోటోలు కలిపి.

సరదాకి చెబుతున్నాను. 2000లో ఐబీఎం పేరుతో అమ్మిన తొలి పెన్‌డ్రైవ్‌లో పట్టేది 8 ఎంబీ. మీ పెళ్లి వీడియోకు అవి వెయ్యికి పైగా కావాలి.

కొత్తగా_చేరాను

నేనూ దాచుకోడానికే తీసుకున్నానండీ. ఆన్‌లైన్‌లో 2 టీబీ పెన్‌డ్రైవ్ ఆరు వందలకు వచ్చింది. కంప్యూటర్‌లో కూడా 2 టీబీ అనే చూపిస్తోంది. ఫోటోలు వేశాను. మొదట్లో వేసినవి తెరుచుకుంటున్నాయి, తర్వాతవి పేర్లు కనిపిస్తున్నాయి గానీ తెరుచుకోవడం లేదు.

నెట్‌సెంటర్_అన్న

ఆ ధరకు 2 టీబీ ఎక్కడా రాదండీ. లోపల ఉన్నది చిన్న చిప్పు. కంప్యూటర్ "ఎంత పడతావు" అని అడిగితే 2 టీబీ అని అబద్ధం చెప్పేలా దాని కంట్రోలర్‌ను మార్చి అమ్ముతారు. అసలు చోటు నిండాక వేసినవి గాల్లోకి పోతాయి, లేదా పాతవాటి మీదే పడతాయి. పేర్ల జాబితా మాత్రం చక్కగా ఉంటుంది, అందుకే చాలా రోజుల దాకా తెలియదు. తెరుచుకునే ఫోటోలను ఈరోజే బయటికి తీసుకోండి.

తర్వాత హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించండి. అది పెన్‌డ్రైవ్‌ను నింపుకుంటూ పోయి, రాసినదాన్ని తిరిగి చదివి సరిచూస్తుంది. 2 టీబీ మొత్తం పెడితే రోజులు పడుతుంది, 64 జీబీ వరకు చాలని పరిమితి ఇవ్వండి. లినక్స్‌లో అయితే ఎఫ్3 అనే సాఫ్ట్‌వేర్ ఉంది.

కొత్తగా_చేరాను

పెట్టానండీ. ఎర్ర అక్షరాల్లో వచ్చింది. సరిగ్గా ఉన్నది 29 జీబీ చిల్లరేనట, మిగతాదంతా లాస్ట్ అని. రిటర్న్ గడువు ఇంకా ఉంది, పెట్టేస్తున్నాను. లోపల మా ఇంటి ఫోటోలు ఉన్నాయి కదా, ఫార్మాట్ కొట్టి పంపితే సరిపోతుందా?

సిస్టమ్స్_సీనియర్

క్విక్ ఫార్మాట్ ఒక్కటే అయితే సరిపోదు. అది పేర్ల జాబితా తుడుస్తుంది తప్ప ఫోటోలు లోపలే ఉంటాయి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో లాగొచ్చు. మీరు టెస్టుకు ముందు పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి ఉంటే, ఉన్న నిజమైన చోటంతా హెచ్2టెస్ట్ తన డేటాతో నింపేసింది. పాత ఫోటోలు దాని కింద చెరిగిపోయి ఉంటాయి. ఆ టెస్టు ఫైళ్లు తీసేసి పంపండి, చాలు. రిజల్టు స్క్రీన్‌షాట్ కూడా రిటర్న్ రిక్వెస్టుకు జత చేయండి. "కంప్యూటర్‌లో 2 టీబీ చూపిస్తోంది కదా" అని వాళ్లు మెలికపెట్టినప్పుడు పనికొస్తుంది.